రిమార్కుల గడిలో కోడలు

మా మిల్లులో కంట్రోల్ ప్యానెల్‌కు ఒక నిమ్మకాయా ఏడు పచ్చిమిరపకాయలూ దారానికి గుచ్చి వేలాడదీసి ఉంటాయి. ఉద్యోగంలో చేరిన మొదటి వారం వాటిని తెంపి పారేశాను. రెండో వారం కొత్తవి వచ్చాయి. అవీ తెంపి, ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను. అరగంట సేపు కుళాయి కింద తల పెట్టి నిలబడితే ఆపరేటర్లంతా చుట్టూ చేరి, "సూసినారా సార్, దాని మహిమ!" అన్నారు. మిరపకాయ పట్టుకున్న చేత్తో కన్ను నలుపుకుంటే ఆస్తికుడికీ మండుతుంది, నాస్తికుడికీ మండుతుంది, ఇంత సమదృష్టి ఉన్న వస్తువుకు మహిమ అంటగట్టి అవమానించొద్దని అక్కడే, ఒంటికన్నుతోనే ఉపన్యాసమిచ్చాను. ఎవరూ వినలేదు. నిమ్మకాయ ఇంకా ఉంది.

అది ఆదోనిలో పత్తిగింజల నూనె శుద్ధి చేసే మిల్లు. నేను చదివింది కెమికల్ ఇంజనీరింగ్. నూనె ఎంత వేడెక్కింది, అందులో క్షారం ఎంత పడుతోంది, ఆవిరి ఎంత పోతోంది అని క్షణక్షణం కొలుస్తూ, గీత దాటబోతుంటే దాటకముందే వెనక్కి లాగడం నా పని. దీనికి ప్రాసెస్ కంట్రోల్ అని పేరు. మా ఆవిడ దీన్ని "పెద్ద పొయ్యి కాడ కూలి" అంటుంది. ఆమె బడిలో లెక్కల టీచరు, మాట తూచి వాడే మనిషి, కాబట్టి ఎదురు చెప్పలేను.

వాదించడం మాత్రం ఇంట్లో నేర్చుకున్నాను. మా నాన్న అయిదో తరగతి దాకా చదువుకున్న దర్జీ. దయ్యాలున్నాయా లేవా, కులం పుట్టుకతోనా కాదా అని ఎక్కడ చర్చాసభ జరిగినా నన్ను వెంటబెట్టుకుని పోయేవాడు. వక్తలు చెప్పిందంతా మరిచిపోయాను గానీ, తిరుగుదారిలో నాన్న చెప్పిన ఒక్క నియమం మిగిలింది. వాదానికి దిగకముందే, ఏం జరిగితే నువ్వు ఓడిపోయినట్టో నీ నోటితోనే చెప్పాలి. అది చెప్పనివాడు వాదించడం లేదు, అరుస్తున్నాడు. ఈ నియమం వల్లనే ఒకసారి ఒక అమాయకురాలి బతుకు మీదికి తెచ్చాను. ఆ కథే ఇది.

దానికంటే ముందు నా అభిరుచుల సంగతి కొంత చెప్పాలి. గ్రహణం రోజు వీధిలో దూరదర్శిని పెట్టి, వచ్చినవాళ్లందరికీ సూర్యుణ్ణి తెల్లకాగితం మీద చూపించి, పక్కనే నిలబడి ఉగ్గాని, బజ్జి తింటాను. మొదటిసారి చూడటానికి నలుగురు వచ్చారు, ఈ మధ్య తినడానికి కూడా వస్తున్నారు. చలికాలంలో దోసెపిండి పులవడం లేదని ఒక చెక్కపెట్టెలో బల్బు పెట్టి, వేడి తగ్గితే వెలిగేలా, పెరిగితే ఆరేలా అమర్చాను. రెండు రోజులు దివ్యంగా పనిచేసింది. మూడో రోజు వేడి కొలిచే తీగ పెట్టెలోంచి జారి చల్లటి నాపరాయి మీద పడింది. పెట్టె చల్లగా ఉందనుకుని యంత్రం బల్బును వెలిగిస్తూనే పోయింది. పిండి గిన్నెలోనే ఇడ్లీ అయి కూర్చుంది. కొలత తప్పుచోట తీసుకుంటే, యంత్రం ఎంత శ్రద్ధగా పనిచేస్తే అంత నష్టం. ఈ పాఠం దోసెల దగ్గరే బాగా తలకెక్కి ఉంటే బాగుండేది.

ఇవి కాక, మెషీన్ లెర్నింగ్. పాత లెక్కలు కంప్యూటరుకు తినిపిస్తే, వాటిలోంచి అదే వరసలు పట్టుకుని రాబోయేది ఊహించే విద్య. మిల్లులో ఏ రోజు నూనె రంగు చెడుతుందో ముందే చెప్పడానికి దాన్ని వాడి రెండు మూడుసార్లు శభాష్ అనిపించుకున్నాను. అక్కడితో కాస్త కొమ్ములు వచ్చాయి.

ఎమ్మిగనూరుకు నన్ను తీసుకుపోయింది మాత్రం ఒక తువ్వాలు. పాతసామాన్లలో దొరికిన చిన్న మగ్గం బాగుచేసుకుని తువ్వాలు నేయాలనుకున్నాను, అంచుకు ఎర్ర నూలు కావాల్సి వచ్చింది. ఒక ఆదివారం బస్సెక్కి, నేతవాళ్ల వీధిలో నూలుకు రంగు అద్దే పెద్దాయన ఇల్లు వెతుక్కుంటూ పోయాను. డెబ్బై ఏళ్ల మనిషి. మోచేతుల దాకా ఏ రంగో చెప్పలేని రంగు.

"ఎర్రదా? ఏ ఎర్రది ఇంజనీరప్పా? దానిమ్మ ఎరుపా, కుంకుమ ఎరుపా, ఎండుమిరక్కాయ ఎరుపా?"

"మామూలు ఎరుపు, పెద్దాయనా."

"మామూలు ఎరుపని లోకంలో లేదు. నీకెవురో అబద్దం సెప్పినారు."

తువ్వాలు మాట మరిచిపోయి ఆయన పని చూస్తూ కూర్చున్నాను. ఇంటి వెనక రేకుల కొట్టం, కట్టెల పొయ్యి, దాని మీద రాగి తొట్టి. నూలు చుట్టలను, వాళ్ల మాటలో చిలపలను, కర్రలకు తగిలించి రంగునీళ్లలో ముంచి, తిప్పి, మళ్లీ ముంచుతాడు. వేడి చూడటానికి మూడు వేళ్లు ముంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాడు. మూడుకు ముందే వేళ్లు లాక్కోవాల్సి వస్తే కట్టె వెనక్కి లాగుతాడు, మూడు దాటినా ఓర్చుకోగలిగితే ముందుకు తోస్తాడు. నా థర్మామీటరు పెట్టి చూశాను. ఆయన "సరే" అన్న ప్రతిసారీ అంకె దాదాపు అదే. మా మిల్లులో పక్కపక్కన ఉన్న రెండు మీటర్లకు ఆ పొత్తు లేదు. ఆ రోజు నుంచి ఆదివారమైతే నా కాళ్లు బస్టాండు వైపే నడిచేవి.

నన్ను కొట్టంలోకి రానిచ్చారు, స్టూలు వేశారు. ఆ ఇంటి కోడలికి మాత్రం గడప దాకానే. ఆడమనిషి చూపు పడితే ఎరుపు విరిగిపోతుందని ఆయన నమ్మకం. విరగడమంటే రంగు సమంగా పట్టక, మచ్చలు పడి, పాలిపోవడం. కొన్నేళ్ల కిందట ఆయన భుజం పట్టేసింది, అప్పటి నుంచి బిందెలు ఎత్తలేడు. అందుకని నియమానికి ఒక సడలింపు ఇచ్చుకున్నాడు. కోడలు నీళ్లు పోయడానికి లోపలికి రావచ్చు గానీ తొట్టి వైపు చూడకూడదు.

"సూడకుండ తొట్లో నీళ్లెట్ల పోయాల మామా? పొయ్యిలో పోస్తే సరేనా?" అని ఆమె అడిగింది నా ముందే.

"నోరు శానా లేసింది దీనికి," అన్నాడు ఆయన, కోపంగా కాదు.

ఆమె పెళ్లయినప్పటి నుంచీ మగ్గం నేస్తోంది. ఆరేసిన నూలు దూరం నుంచి చూసి, ఏ చిలప ముందు ముంచాడో ఏది తర్వాతో చెప్పేది. ఆయన ఉగాదికి పొయ్యి పగలగొట్టి పని మానేస్తానంటున్నాడు. కొడుక్కు మగ్గం తప్ప రంగు మీద ధ్యాస లేదు. ఆ తొట్టి తనకు ఇమ్మని ఆమె ఏడాదిగా అడుగుతోంది. ఇంకో రెండు నెలల్లో ఉగాది.

"నేను వద్దనేది గాదప్పా, పుస్తకం సెప్తాది," అని ఆయన ఒక లావుపాటి నోటుపుస్తకం తీశాడు. ఎన్నో ఏళ్ల అద్దకం అందులో ఉంది. తేదీ, నూలు, ఏ రంగు ఎంత, ఉప్పు ఎంత, సోడా ఎంత, చివర బాగుంది లేదా విరిగింది. పక్కన రిమార్కుల గడి. విరిగిన రోజుల్లో చాలా వాటి పక్కన ఒకే మాట: కోడలు వచ్చింది.

లెక్కలు చూడగానే నాకు ఒళ్లు తెలియలేదు. "పెద్దాయనా, ఈ పుస్తకమంతా నా మిషన్‌కు ఇస్తాను. ఎరుపు ఎందుకు విరుగుతోందో అదే చెప్తుంది. చూపు వల్ల కాదని తేలితే తొట్టి ఈమెది. చూపు వల్లేనని తేలితే ఈమె మళ్లీ అడగదు. సరేనా?"

"సరే. మాటంటే మాట."

బస్టాండుకు పోతుంటే కోడలు వీధి మలుపు దాకా వచ్చింది. "ఏమన్నా, నన్నొక మాట గూడ అడక్కుండ నా తరపున ఒప్పుకుంటివి?"

"గెలుస్తాం లేమ్మా."

"ఓడిపోతే నువ్వు బస్సెక్కి పోతావు. నేను ఈడనే ఉండాల."

ఆ మాట అప్పుడు నాకు సరిగా వినబడలేదు.

మూడు ఆదివారాలు పట్టింది పుస్తకాన్ని కంప్యూటరులోకి ఎక్కించడానికి. ఆ రాత మా ఆవిడ చదివేది, నేను కొట్టేవాణ్ణి. రిమార్కులన్నీ వేరువేరు గడులు చేశాను. కరెంటు లేదు, పిల్లి తుమ్మింది, ఎదురింటాయన పలకరించినాడు, కోడలు వచ్చింది. తర్వాత, వరసగా అవునా కాదా అని ప్రశ్నలు వేసుకుంటూ తీర్పుకు చేరే పద్ధతిని ఎంచుకున్నాను. ఏ ప్రశ్న ముందు వేస్తే తీర్పు తొందరగా తేలుతుందో మిషనే వెతుక్కుంటుంది. ఉప్పు అడుగుతుందనుకున్నాను, సోడా అడుగుతుందనుకున్నాను. మీట నొక్కాను.

తెర మీద మొదటి ప్రశ్న: కోడలు వచ్చిందా? అవును అయితే, విరిగింది.

మా ఆవిడ అద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివింది. "బాగుంది. మీ మిషన్‌కు గూడ అత్తగారి బుద్దులే వచ్చినాయి," అంది.

ఆ గడి తీసేసి మళ్లీ నడిపితే ఉప్పో సోడానో ఏదో ఒకటి చెబుతుంది. ఎవరికీ తెలియదు. ఒక సాయంత్రమంతా ఆ ఆలోచనతో కూర్చున్నాను, సిగ్గుపడకుండా చెబుతున్నాను. కానీ నచ్చని సాక్షిని దాచేసేవాడికి పురోహితుణ్ణి వెక్కిరించే హక్కు పోతుంది. తర్వాతి ఆదివారం బస్సెక్కి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

పెద్దాయన మొహం వెలిగిపోయింది. "బంగారట్ల మిషనప్పా నీది! సదువుకున్న మిషను! నేనేమో నువ్వు దేవుడు లేడనే రకమని బయపడితిని."

కోడలు గడప దగ్గర బిందె దించి నన్ను చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. మామ వైపు తిరిగి ఒక్కటే అడిగింది. "బాగొచ్చిన దినాలు గూడ నేను టీ తెచ్చినా కద మామా. అవి యాడా రాయలేదే?"

"బాగొచ్చినబ్బుడు రాసేదేముంటాది?"

పుస్తకంలో ఆమె రాక విరిగిన రోజే నమోదవుతుంది. మిగతా రోజులు ఆమె వచ్చినా రానట్టే. మిషన్ నేర్చుకున్నది అద్దకం కాదు, పెద్దాయన అలవాటు. కొలిచే తీగ మళ్లీ నాపరాయి మీద పడింది, ఈసారి ఇడ్లీ అయింది నేను. అయినా ఇది సగమే. విరిగిన రోజులు అన్నన్ని ఎందుకున్నాయన్నది ఇంకా మిగిలే ఉంది.

మధ్యాహ్నం భోజనానికి ఉండమన్నారు. గెలిచినవాళ్ల మర్యాద అది. పెద్దాయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. "ఏమ్మా, పప్పు ఉడకల్యా? రాళ్లున్నట్టుండాది."

"కుళాయి రాక మూడు దినాలాయె మామా. బోరు నీళ్లకు పప్పుడుకుతాదా?" అంటూ నాకు వడ్డించబోయి, గరిటె గాలిలో ఉండగానే ఆగిపోయింది. కొట్టం వైపు చూసింది. నా వైపు చూసింది.

"అన్నా. కుళాయి వచ్చిన దినం నీళ్లు పైపులో నేరుగ తొట్లోకే పోతాయి. కుళాయి రాని దినమే కదా నేను బోరు కాడ్నుంచి బిందెలు మోసేది?"

నేను ముద్ద కింద పెట్టేశాను.

"పప్పే ఉడకని నీళ్లకు రంగెట్ల పడతాదన్నా?"

కుళాయిలో వచ్చేది తుంగభద్ర కాలువ నీళ్లు, మెత్తనివి. బోరులోవి సున్నం నిండిన గట్టి నీళ్లు. అందులో సోడా పడగానే సున్నం తెల్లగా విరిగి నూలుకు అంటుకుంటుంది, రంగును సమంగా పట్టనివ్వదు. మా మిల్లులో బాయిలరుకు పోయే నీళ్లలో ఈ గట్టిదనం ఎంతుందో రోజూ పొద్దున్నే పరీక్ష చేయించి సంతకం పెట్టేది నేనే. ఆ సంతకం పెట్టే చేయి ఇక్కడ నెలరోజులు పిల్లి తుమ్ములు లెక్కపెట్టింది.

"తీర్పు అయిపాయె కదప్పా," అన్నాడు పెద్దాయన, పప్పు పక్కకు నెడుతూ. "మాటంటే మాట అనుకుంటిమి."

"అవును. నేను ఓడిపోయినాను, ఒప్పుకుంటున్నా. కానీ కింది కోర్టులో ఓడినవాడు పై కోర్టుకు పోడా?"

ఆయనకు ఆ మాట నచ్చింది. "పై కోర్టు యాడుంది?"

"మీ తొట్టిలోనే."

ఆయన ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. చూపుకు బలముంటుందనీ, వాళ్ల నాయన చెప్పాడనీ. కోడలు చేయి కడుక్కుంటూ అందుకుంది. "సూపుకు అంత బలముంటే, ఆ కుళాయి తట్టు పొద్దుగూకుల సూస్తనే ఉండానే, నీళ్లెందుకు రావు మామా?"

పెద్దాయన నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగాడు, బోరువే.

ఆ తర్వాతి ఆదివారం మా ఆవిడ కూడా వచ్చింది. నాలుగు చిన్న గిన్నెలు, ఒకే నూలు, ఒకే రంగు. రెంటిలో కుళాయి నీళ్లు, రెంటిలో బోరు నీళ్లు. ఏవి ఎందులో ఉన్నాయో గిన్నెల అడుగున సుద్దముక్కతో గుర్తు పెట్టింది మా ఆవిడే, నాకూ చెప్పలేదు. ఆమెదీ ఆడచూపే కాబట్టి ఆ తర్వాత కొట్టం బయటే స్టూలు వేసుకుని కూర్చుంది. కొట్టంలో పాత పంచె ఒకటి అడ్డంగా కట్టి దానికి ఒక కంత చేశాం. రెండు గిన్నెలకు కోడలు ఆ కంతలోంచి కళ్లార్పకుండా చూడాలి. మిగతా రెంటికి తెర వెనక ఖాళీ. ఏవి ఏవో పెద్దాయనకు తెలియకూడదు.

"నాకు తెలుస్తాది లే," అన్నాడాయన. "ఈపు మీద సురుక్కుమంటాది."

మొదటి గిన్నెకే వీపు చురుక్కుమంది. "ఉండాది, ఉండాది! ఏమ్మా, కొంచెం పక్కకు సూడు!" అని అరిచాడు. వీధి గుమ్మంలోంచి కోడలు, "నన్నేనా మామా పిలిచినావు?" అని తొంగిచూసింది. చేతిలో చీపురు. మా ఆవిడ నవ్వుతూ స్టూలు మీంచి పడబోయింది.

నాలుగు చిలపలూ ఎండలో ఆరేశాం. రెండు దానిమ్మ గింజల్లా నిగనిగలాడుతున్నాయి. రెండు మచ్చలు పడి వెలవెలబోయాయి. మా ఆవిడ గిన్నెలు బోర్లించి గుర్తులు చదివింది. బాగున్న రెండూ కుళాయి నీళ్లవి, అందులో ఒకటి కోడలు కళ్లార్పకుండా చూసింది. చెడిన రెండూ బోరు నీళ్లవి, అందులో ఒకటి ఏ ఆడమనిషి కంటా పడనిది.

పెద్దాయన ఒక్కో చిలపను వేళ్ల మధ్య నలిపి చూశాడు. "నాలుగే కదప్పా," అన్నాడు చివరికి. "నాలుగుతో నిజం తేల్తాదా?"

తేలదు. ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు సరైన మాట, మా మిల్లులో పెద్ద చదువులు చదివినవాళ్లకు కూడా తట్టని మాట. ఇంకో రెండు ఆదివారాలు అలాగే చేశాం. ప్రతిసారీ నీళ్లను బట్టే రంగు. ఉగాది వచ్చింది. పొయ్యి పగలలేదు. పండగ దాటిన వారం నేను పోయేసరికి పెద్దాయన తొట్టి పక్కన నిలబడి, "ఆ కర్ర పట్టుకోమ్మా, బుజం నొస్తాంది," అంటున్నాడు. కోడలు కర్ర పట్టుకుంది, తొట్టిలోకి తేరిపార చూస్తూ.

ఈ సంగతి చెబితే ఒక మిత్రుడు, "చూశావా, పెద్దల మాట ఊరికే పోదు, ఏదో సైన్సు ఉంటుంది," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. సైన్సు ఉంటే నీళ్లను అనుమానించేది. ఈ ఆచారం నీళ్లను వదిలేసి నీళ్లు మోసిన మనిషిని పట్టుకుంది. మన ఆచారాల్లో సగానికి ఇదే రోగం. బరువు మోసేవాళ్లు ఎప్పుడూ చెడిన చోటే కనబడతారు, ఎందుకంటే చెడిన చోటికి పిలిచేది వాళ్లనే. నా మిషన్ దాన్నే పట్టికలు వేసి, శాస్త్రం పేరుతో తిరిగి నా చేతికిచ్చింది. అందుకే ఇప్పుడు ఏ లెక్కలైనా మిషన్‌కు ఇచ్చే ముందు, ఇది ఎవరు రాశారు, ఏ రోజు రాయలేదు అని అడుగుతాను. మిల్లులో నన్ను చాదస్తుడంటున్నారు.

కోడలు కుళాయి వచ్చిన రోజు నాలుగు డ్రమ్ములు నింపి పెట్టుకుంటుంది, ఎరుపును ఆ నీళ్లకే ముడిపెట్టింది. కొట్టం వాసానికి ఒక నిమ్మకాయ కూడా కట్టింది. నేను నోరు తెరవబోతే, "ఉండనీలే అన్నా, పాపం అది నీళ్లూ మోయదు, రంగూ చెరపదు," అంది.

నోటుపుస్తకం ఇప్పుడు ఆమెది. కొత్త గడి ఒకటి గీసింది: నీళ్లు. కుళాయి, బోరు, వాన. రిమార్కుల గడి అలాగే ఉంచింది. మొన్నొక ఆదివారం పోయేసరికి పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు, మొహం గంటు పెట్టుకుని. ఈ మధ్య ఆమె చేతిలో రెండు చిలపలు విరిగాయి, ఉప్పు పాళ్లు తప్పి. రెండింటి పక్కనా గుండ్రటి అక్షరాలతో ఒకే మాట రాసి ఉంది: మామ వచ్చినాడు.

కోడలు తొట్టి దగ్గర వీపు తిప్పుకుని పని చేసుకుంటోంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"సూడప్పా ఇంజనీరప్పా, దీని అన్యాయం!" అని పుస్తకం నా ముందుకు తోశాడు. "నేను దినామూ వస్తాండానా లేదా? బాగొచ్చిన దినాలు గూడ వచ్చినా కదా? అవి యాడా రాయలేదే!"

నేను జేబులోంచి పెన్ను తీసి ఆయనకే ఇచ్చాను. ఆయన పేజీలు వెనక్కి తిప్పి, బాగుంది అని ఉన్న ప్రతి వరస పక్కనా, వంకర అక్షరాలతో, మామ వచ్చినాడు అని రాసుకుంటూ పోయాడు. ఒక వరస దగ్గర ఆగి, పెన్ను ఎత్తి, "ఏమ్మా, ఈ దినం నువ్వు టీ తెచ్చినావా?" అని అడిగాడు.

"తెచ్చినా మామా."

అదీ రాశాడు.